మళ్ళీ మొదటి నుంచి గీయకండి, ముందు యానిమాటిక్ చేయండి

మూడు నిమిషాల యానిమేషన్ ఫిల్మ్ మొదలుపెట్టి, రెండు నెలలు కూర్చుని గీసిన 40 సెకన్లు ఎడిటింగ్‌లో చూస్తే సాగదీసినట్టున్నాయని, అన్నీ మళ్ళీ గీయాలా అని అడిగారు కదా. వద్దండీ. ఇప్పుడే కొత్తగా ఒక్క బొమ్మ కూడా గీయకండి.

నేనూ మొదటి ఫిల్మ్‌కి ఇదే తప్పు చేశాను, స్టోరీబోర్డు (కథని షాట్ల వారీగా చూపే చిత్తు బొమ్మలు) ఉంది కదా అని నేరుగా ఫైనల్ బొమ్మల్లోకి దిగిపోయాను, తీరా చూస్తే సగం షాట్లు కథకి అవసరమే లేదు, నిజంగా ఏడుపొచ్చింది. మీరు ముందు స్టోరీబోర్డు బొమ్మల్ని అలాగే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని టైమ్‌లైన్ మీద వరసగా పేర్చి, డైలాగులు మీ గొంతుతోనే తాత్కాలికంగా రికార్డు చేసి యానిమాటిక్ తయారుచేయండి. కథ తెలియని ఇద్దరికి చూపించండి, వాళ్ళకి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ మార్చండి. ఈ దశలో షాట్ తీసేయడానికి నిమిషం చాలు.

సెకనుకి 24 ఫ్రేములు ఉన్నా, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు నిలిపితే 12 బొమ్మలు సరిపోతాయి. అలా చూసుకున్నా మూడు నిమిషాలకి 2,160 బొమ్మలు! నిడివి రెండు నిమిషాలకి తగ్గిందంటే 720 బొమ్మల పని తప్పినట్టే.

గీసిన 40 సెకన్లు మాత్రం పారేయకండి, వాటినీ యానిమాటిక్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు షాట్ మొదట్లో, చివర్లో కొన్ని ఫ్రేములు కత్తిరిస్తేనే ఆ సాగదీత పోతుంది.