అనుమానం ఎవరి మీద పడాలి?

అమ్మా,

నీ థ్రిల్లర్ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు మంగళవారం అందింది. 14 పేజీలే కదా అని రాత్రి భోజనం అయ్యాక తీశాను, మళ్ళీ కింద పెట్టలేదు. హాస్టల్లో కరెంటు పోయాక ఆ పిల్ల ఫోన్ లైటు వేసి తన మంచం కింద ఇంకెవరివో చెప్పులు చూస్తుంది చూడు, అక్కడ నిజంగానే ఉలిక్కిపడ్డాను. ఆ సీను ముట్టుకోవద్దు. మీ ప్రొఫెసర్ గారు చెప్పినా సరే.

ఇక నువ్వడిగింది. "మా క్యారెక్టర్లు స్టీరియోటైపుల్లా ఉన్నాయా మాస్టారూ, దాని మీద కూడా మార్కులు ఉంటాయట" అన్నావు. ఉన్నాయమ్మా, చాలానే ఉన్నాయి. మార్కుల సంగతి మీ కాలేజీవాళ్ళు చూసుకుంటారు. నా దిగులు నీ థ్రిల్లర్ గురించి.

ప్రేమకథలో మూస పాత్రలుంటే సినిమా చప్పగా ఉంటుంది, అంతే. థ్రిల్లర్లో లెక్క వేరు. మనం అమ్మే సరుకే అనుమానం. దాన్ని మనం కొత్తగా పుట్టించం, చూసేవాళ్ళే ఇంటి నుంచి వెంట తెచ్చుకుంటారు. గొలుసు కనపడకపోతే ముందు పనమ్మాయి సంచి వెతుకుతారు. అపార్ట్‌మెంట్లో సైకిల్ పోతే వాచ్‌మన్‌ని పిలుస్తారు. అమ్మాయికి ఏదైనా జరిగితే ఆ టైములో బయట ఏం పని అని అడుగుతారు. రచయిత చేసేదల్లా ఈ అలవాటును ఎటు తిప్పాలో చూసుకోవడమే. అందుకని నీ కథలో అనుమానం ముందు ఎవరి మీద పడింది, చివరికి ఎవరి మీద నిలిచింది అన్నది చూస్తే నీ సినిమా ఎవరి పక్షమో తెలిసిపోతుంది. డైలాగుల్లో ఎన్ని మంచి మాటలు పెట్టినా అది దాగదు.

నీ వాచ్‌మన్ దగ్గరికి వద్దాం. ఆయనకి పేరు లేదు. బీడీ ఉంది, ఎర్రటి కళ్ళున్నాయి, శ్రీకాకుళం యాస ఉంది. ఆరో పేజీలో అమ్మాయి కిటికీ వైపు చూస్తాడు, తొమ్మిదో పేజీలో కుర్రాళ్ళు పట్టుకుని కొడతారు, పదో పేజీలో తప్పు ఆయనది కాదని తేలుతుంది. ఆ తర్వాత మనిషే కనపడడు. కథకి ఆయనతో పని అయిపోయింది, అర్థమైంది. కానీ ఆయన్ని అనుమానించడానికి నువ్విచ్చిన ఆధారం ఏమిటి? పేదవాడు, పొట్ట చేత పట్టుకుని ఊరు కాని ఊరొచ్చినవాడు, రాత్రంతా మెలకువగా ఉంటాడు. రాత్రి మెలకువగా ఉండటం ఆయన ఉద్యోగం తల్లీ!

ప్రేక్షకుణ్ణి పక్కదారి పట్టించడానికి ఆ మనిషి పరువు అప్పు తెచ్చుకున్నావు. తెచ్చుకో, థ్రిల్లర్లో అది తప్పదు. కానీ తీర్చాలి. మర్నాడు పొద్దున గేటు దగ్గర, కొట్టిన కుర్రాళ్ళలో ఒకడు ఆయన ముఖం చూడలేక బండి స్టార్ట్ చెయ్యకుండా తోసుకుంటూ పోతే చాలు. పది సెకన్ల షాటు. ఆరో పేజీలో వాడితో పాటు అనుమానించిన ప్రేక్షకుడు కూడా ఆ బండి తోస్తాడు.

యాస సంగతి కూడా ఇక్కడే చెప్తాను. చాలాకాలం మన సినిమాల్లో హీరో హీరోయిన్లకి కోస్తా మాట ఇచ్చి, తెలంగాణ మాట రౌడీకీ, సీమ మాట ఫ్యాక్షనిస్టుకీ, ఉత్తరాంధ్ర మాట పనివాడికీ పంచిపెట్టాం. పంచినవాళ్ళలో నేనూ ఉన్నాను. నువ్వు వరంగల్ పిల్లవి. నీ హీరోయిన్ టీవీ యాంకర్‌లా ఎందుకు మాట్లాడుతోంది? మీ ఇంట్లో మాట్లాడే మాట ఆమెకివ్వు.

నా తప్పొకటి చెప్తాను విను. పాతికేళ్ళ కిందట ఒక టీవీ క్రైమ్ సీరియల్‌కి రాసేవాణ్ణి. దొంగ పాత్ర వచ్చింది. "ఏ ఊరురా నీది?" అని ఎస్సై అడిగితే "స్టువర్టుపురం సార్" అని రాశాను. సెట్లో అందరూ నవ్వారు. ప్యాకప్ అయ్యాక లైట్‌బాయ్ ఒకతను వైరు చుట్టుకుంటూ నా దగ్గరికొచ్చి, "మాది ఆ ఊరే సార్, ఇక్కడ అద్దెకి ఇల్లు అడిగేటప్పుడు బాపట్ల అని చెప్తుంటాను" అని వెళ్ళిపోయాడు. కోపంగా అని ఉంటే బాగుండేది, ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి.

అప్పుడు చదివాను. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అని ఒక చట్టం తెచ్చారు. దాని కింద కొన్ని కులాలకి కులాలే పుట్టుకతో నేరస్తులు. అట్లా ముద్రపడ్డ ఎరుకల వాళ్ళని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు స్టువర్టుపురం, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపింది. ఆ చట్టాన్ని 1952లో రద్దు చేశారు. చట్టం పోయాక కూడా ఆ ముద్రను మోసుకొచ్చింది ఎవరనుకున్నావు? మావంటి రచయితలం. ఒక్క లైన్లో నవ్వు వస్తుంది కదా అని. నీ నాలుగో పేజీలో క్యాంటీన్ కుర్రాడికి పాతబస్తీ అడ్రసు, గడ్డం ఇచ్చి, నేపథ్య సంగీతం అక్కడే బరువెక్కుతుందని రాశావు. కథలో వాడు చేసే పని సమోసాలు అమ్మడం. ఆ సంగీతం ఎవరికి వాయిస్తున్నావు?

ఇప్పుడు ఆడపిల్లలు. లేడీస్ హాస్టల్లో జరిగే కథ, మాట్లాడే పాత్రల్లో ఐదుగురు అమ్మాయిలు. అయినా ఏ ఇద్దరు కూర్చున్నా మాట్లాడేది అబ్బాయి గురించే. 1985లో అలిసన్ బెక్‌డెల్ అనే అమెరికన్ కార్టూనిస్టు తన కామిక్ స్ట్రిప్‌లో ఈ మాటే సరదాగా పట్టుకుంది: సినిమాలో ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అదీ మగవాడి గురించి కాకుండా. ఇదేం పెద్ద కొలబద్ద కాదు, దీన్ని దాటిన చెత్త సినిమాలు బోలెడున్నాయి. కానీ హాస్టల్లో ఉండి చదువుకున్న నువ్వు ఆ మెస్ గొడవలు, బకెట్ల తగాదాలు, సప్లీల ఏడుపులు ఒక్కటీ రాయకపోతే ఎట్లా?

మూడో సీన్లో ఆ పిల్ల తల తుడుచుకుంటూ ఉంటే కెమెరా కిటికీ బయటి నుంచి చూస్తుంది, కాళ్ళ నుంచి పైకి. వెంటాడేవాడి పాయింట్ ఆఫ్ వ్యూ అని రాసుకున్నావు. బాగుంది. కానీ ఏడో సీన్లో వాడు లేడు, తలుపు మూసి ఉంది, కెమెరా మాత్రం అలాగే చూస్తోంది. మరి అక్కడ ఎవరు చూస్తున్నట్టు? లారా మల్వీ అనే బ్రిటిష్ పండితురాలు 1975లో ఒక వ్యాసంలో అడిగింది ఇదే. సినిమాలో చూసేవాడు మగవాడిగా, చూడబడేది ఆడదిగా ఏర్పాటైపోయింది అంది. రాసింది అమ్మాయైనా చూపు వెంటనే మారిపోదు, మనం పెరిగింది ఆ సినిమాలు చూసే కదా. ఏడో సీన్లో కెమెరాని గది లోపలికి తీసుకురా, ఆమె భుజం వెనక పెట్టు. ఆమె వినే చప్పుడే మనకీ వినపడాలి. భయం రెట్టింపు కాకపోతే నన్నడుగు.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది నీ ట్విస్టు. బొట్టు, చుడీదారు, ఫస్ట్ ర్యాంకు ఉన్న పిల్ల బాధితురాలు. క్రాపు కొట్టించుకుని డాబా మీద సిగరెట్ తాగే రూమ్మేట్ విలన్. ఆ రూమ్మేట్‌ని రెండో పేజీలో చూడగానే పట్టేశాను. నీ విలన్ని కాస్ట్యూమే పట్టిచ్చేసింది. అట్లాగని తిరగేసి, సిగరెట్ పిల్లని నలుగుర్ని తన్నే వీరవనితని చేస్తానంటావేమో. అదీ మూసే, కొత్త రంగు వేసిన మూస.

నీ కథలోనే ఇంకొకడున్నాడు, నువ్వు చూసుకోలేదు. హాల్‌టికెట్ జిరాక్స్ తెచ్చిపెట్టే సీనియర్, రాత్రి "చేరావా?" అని మెసేజ్ పెట్టేవాడు, ఆమె వద్దన్నా బస్టాండు దాకా వెనకే వచ్చేవాడు. వాణ్ణి మంచి అబ్బాయిగా రాసి వదిలేశావు. దేశంలో నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ లెక్కలు తీసి చూడు. అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితుడు ఆ అమ్మాయికి తెలిసినవాడే. వద్దన్నా వెంటపడటం 2013లో ఐపీసీ 354డి కింద నేరమైంది, ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. అదే పనిని మనవాళ్ళు ఎన్నో సినిమాల్లో హీరో చేత చేయించి పాట కూడా పెట్టారు. పాట తీసేసి, అడుగుల చప్పుడు ఒక్కటి ఉంచి అదే సీను చూపించు. నీ ప్రేక్షకులకి ఆ ప్రేమపాటలన్నీ కంఠతా వచ్చు, అందుకే వాణ్ణి చివరిదాకా అనుమానించరు. థ్రిల్లర్ రచయితకి ఇంతకన్నా మంచి దాపు దొరకదు.

మూసను దాపుగా వాడటమంటే ఏమిటో చూడాలంటే 2012 నాటి హిందీ ‘కహానీ’ చూడు. చూడకపోయి ఉంటే ఈ పేరా వదిలెయ్. నిండు గర్భిణి కోల్‌కతాలో మొగుణ్ణి వెతుక్కుంటూ తిరుగుతుంది. కడుపుతో ఉన్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? అందరూ కుర్చీ వేస్తారు, జాలిపడతారు. ఆ జాలినే ఆమె ఆయుధం చేసుకుంది. అక్కడ మోసపోయింది అధికారం ఉన్నవాళ్ళు, నీ కథలో దెబ్బలు తిన్నది వాచ్‌మన్. 2014లో శేఖర్ కమ్ముల దాన్నే తెలుగులో ‘అనామిక’గా తీసినప్పుడు హీరోయిన్ గర్భిణి అన్న సంగతే కథలోంచి తీసేశారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒక్క గుర్తు మారితే సస్పెన్స్ మొత్తం ఎట్లా మారుతుందో ఏ క్లాసులో చెప్పినదానికన్నా బాగా తెలుస్తుంది.

పన్నెండు నిమిషాల సినిమాలో ఒక్కొక్కరి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే టైముండదు, నిజమే. చూడగానే గుర్తుపట్టే మనుషులు కావాలి. వార్డెన్ కళ్ళజోడు, తాళాల గుత్తి ఉంచుకో, ఎవరికీ నష్టం లేదు. నేను చేసేది ఒకటే. స్క్రిప్టు అయ్యాక వాచ్‌మన్‌ని రిటైర్డ్ లెక్చరర్ అనుకుని, రూమ్మేట్‌కి పొడుగు జడ వేసి, సీనియర్‌కి బీడీ ఇచ్చి మళ్ళీ చదువుతాను. ఎక్కడ కథ కూలిపోతే అక్కడ నేను క్లూ రాయలేదు, జనం అలవాటు మీద ఆనుకున్నాను అన్నమాట. నీ స్క్రిప్టుని అట్లా చదివితే ఐదు చోట్ల కూలింది. మార్జిన్లో పెన్సిల్‌తో గీత పెట్టాను.

వచ్చే నెల రెండో తారీఖు దాకా ఊళ్ళోనే ఉంటాను. షూటింగ్‌కి ఇంకా టైముందన్నావు కాబట్టి కంగారు లేదు. వాచ్‌మన్‌కి పేరు, ఊరు, ఆయన రాత్రి డ్యూటీలో ఫోన్లో ఏం వింటాడో రాసి ముందు అది పంపు. మిగతావి తర్వాత చూద్దాం. నాన్నని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు