స్టార్ సంగతి సరే, గేటు సంగతి చెప్పండి

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. మిషన్ స్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. బాపట్ల దగ్గర సొంతిల్లు. మావారు పోయి నాలుగేళ్లయింది. అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. క్రిస్మస్‌కి ఇల్లు కడిగించి, సున్నం వేయించి, అరిసెలు, చక్రాలు వండి డబ్బాలు నింపాను. 24 రాత్రి వచ్చారు, 26 మధ్యాహ్నం కోడలు పుట్టిల్లు రాజమండ్రి అంటూ మనవడితో సహా బయల్దేరిపోయారు. ఒకప్పుడు డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్ నైట్ ఆరాధనకి ఒక బెంచీ అంతా మా ఇంటివాళ్లమే ఉండేవాళ్లం. ఈసారి ఒక్కదాన్నే కూర్చున్నాను. మనిషికొకటి చొప్పున బైబిల్ వాక్యం రాసి ఇచ్చే కొత్త సంవత్సరం వాగ్దానం కార్డులు ఇంటి పేరున ఐదు తీసుకుని వచ్చాను. అమ్మాయి ఉంది కానీ లేనట్టే. ఏడేళ్ల కిందట మన మతం కాని అన్యుల అబ్బాయిని దొంగతనంగా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుంది. పొన్నూరులో ఉంటారు. వాళ్ల గుమ్మానికి కూడా క్రిస్మస్ స్టార్ కట్టారట, విగ్రహాలున్న ఇంటికి స్టార్ ఏమిటో! 25న గుడి (చర్చి) నుంచి వచ్చేసరికి మా గేటుకి కేకు, పళ్ల సంచి తగిలించి ఉన్నాయి. వాచ్ నైట్‌లో వెనక బెంచీలో కనిపించింది. పలకరించలేదు. ఇవాళ జనవరి 9. మా ఇంటి స్టార్ దించే మనిషి లేక ఇంకా వేలాడుతోంది. 6 దాటితే ఇంటికి మంచిది కాదని సంఘంలో ఒక పెద్దావిడ అంటోంది. కోడలికి కాస్త బుద్ధి చెప్పమని పాస్టరు గారి చేత హైదరాబాద్‌కి ఫోన్ చేయిద్దామనుకుంటున్నాను. చేయించమంటారా?

జవాబు: వద్దు. పాస్టరు గారికి ఇంటింటికీ తిరిగి పాటలు పాడే క్రిస్మస్ రౌండ్స్ నుంచి కొత్త సంవత్సరం దాకా గొంతు పోయి ఉంటుంది, ఇప్పుడిప్పుడే కోలుకుంటూ ఉంటారు. మీ కోడలి గొడవలోకి లాగకండి.

ముందు ఆ పెద్దావిడ మాట తేల్చేద్దాం. జనవరి 6 తూర్పు దేశపు జ్ఞానులు వచ్చిన రోజుగా పండుగ చేస్తారు. ఆ రోజుతో అలంకారాలు తీసెయ్యడం కొన్ని సంఘాల ఆనవాయితీ, అంతే. ఫిబ్రవరి 2 దాకా ఏసు పుట్టిన పశువుల పాక బొమ్మని కదపనివాళ్లూ ఉన్నారు. అర్మేనియా సంఘం వాళ్లకి అసలు క్రిస్మసే జనవరి 6న. రష్యాలో 7న. ఇక మీ స్టార్ 9 దాకా ఉంటే మీ ఇంటికొచ్చే కీడల్లా మూడు రోజుల కరెంటు ఖర్చు.

రెండోది, కోడలు. టీచరు గారూ, 24 రాత్రి నుంచి 26 మధ్యాహ్నం దాకా అంటే పండుగంతా మీ ఇంట్లోనే చేసుకున్నారు కదండీ. ఆ పిల్లా క్రైస్తవుల ఇంటి పిల్లే కాబోలు, రాజమండ్రిలో ఉన్న ఆ తల్లి కూడా డబ్బాలు నింపుకునే కూర్చుని ఉంటుంది. సంక్రాంతికైతే ఈ పేచీ ఉండదు. కూతురూ అల్లుడూ పుట్టింటికి వెళ్లడం తాతల నాటి నుంచీ నడుస్తున్నదే కాబట్టి మగపిల్లాడి తల్లి నోరెత్తదు. క్రిస్మస్‌కి అలాంటి పద్ధతి మనవాళ్లెవరూ పెట్టలేదు. అందుకే ప్రతి ఇంట్లోనూ డిసెంబరు వచ్చేసరికి గుంజులాట మొదలవుతుంది. ఒక ఏడు 25 మీ దగ్గర, వాచ్ నైట్ వాళ్ల దగ్గర, మరుసటి ఏడు అటుదిటు. ఈస్టర్‌కి వచ్చినప్పుడు అబ్బాయితో నేరుగా మాట్లాడి ఖాయం చేసుకోండి. మాట్లాడేది అబ్బాయితో, కోడలితో కాదు. టికెట్లు బుక్ చేసింది అతనేగా? కోడలి విషయం ఇంతటితో సరి.

నాకు ఇబ్బందిగా తోచింది వేరే. మీరు రాసింది మూడు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. అందులో కోడలికి రెండున్నర పేజీలు ఇచ్చారు. కడుపున పుట్టిన పిల్లకి పట్టుమని పది వాక్యాలు లేవు. వాటిలో ఆఖరిది ఒకే ఒక్క మాట, "పలకరించలేదు."

ఎవరు ఎవర్ని పలకరించలేదు?

మన భాషలో ఈ సౌకర్యం ఉంది. కర్తని మింగేసి కూడా వాక్యం దర్జాగా నడిచిపోతుంది. కానీ మీరు తెలుగు టీచరు. ఇలాంటి వాక్యం రాసిన పిల్లాణ్ణి "కర్త ఏదిరా?" అని నిలబెట్టి అడిగి ఉంటారు. నేనూ మిమ్మల్ని అదే అడుగుతున్నాను. అమ్మాయి మిమ్మల్ని పలకరించలేదా, మీరు అమ్మాయిని పలకరించలేదా? ఆ మాట దగ్గర మీ కలం ఒక క్షణం ఆగిందని, అక్కడ సిరా మచ్చ పడిందని కూడా చెబుతాను, ఉత్తరం నా ముందే ఉంది కాబట్టి.

కాస్త ఆలోచించండి. పొన్నూరులో గుళ్లు లేవా? అక్కడ వాచ్ నైట్ జరగదా? అక్కడివన్నీ వదిలేసి ఆ పిల్ల మీ గుడికే ఎందుకొచ్చింది? నడిరాత్రి ఆరాధన అయ్యాక ఆ దారిన బస్సులు దొరకవు. ఎవరో బండి మీద తీసుకొచ్చి ఉంటారు. రెండు మూడు గంటల ఆరాధన అయ్యేదాకా మంచులో బయట నిలబడి, మళ్లీ వెనక ఎక్కించుకుని వెళ్లి ఉంటారు. ఆ 'ఎవరో' పేరు మీ మూడు పేజీల్లో ఒక్కచోట కూడా లేదు. "అన్యుల అబ్బాయి" అని ఒకసారి, "ఆ మనిషి" అని రెండుసార్లు రాశారు. ఏడేళ్లకి ఒక పేరు సంపాదించుకోలేకపోయాడా ఆ అబ్బాయి?

"దొంగతనంగా" అన్న మాట కూడా నాకు నచ్చలేదు. వేర్వేరు మతాల వాళ్లు రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నారంటే అది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అయి ఉంటుంది. దానికి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ కాగితాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అతికిస్తారు. దొంగతనం చేసేవాళ్లు నెల ముందు గోడకి కాగితం అంటించుకోరు. అదీగాక ఆ చట్టం కింద ఎవరూ మతం మారక్కర్లేదు. మీ అమ్మాయి మారలేదనడానికి రుజువు మీరే రాశారు కదా, ఆ గుమ్మానికి కట్టిన స్టార్. మీకది తప్పుగా కనబడింది. నాకు మాత్రం ఆ ఇంట్లో ఆమెను స్టార్ కట్టుకోనిచ్చారనే తోచింది. ఎందరు అత్తగార్లు ఒప్పుకుంటారు?

అలాగని మీ అమ్మాయిని వెనకేసుకు రావడం లేదు. మీకు చెప్పి చేసుకోవాల్సింది. మీరు ఒప్పుకోకపోయినా ఎదురుగా నిలబడి చెప్పి, తిట్లు తిని, అప్పుడు వెళ్లాల్సింది. తల్లికి ఆ పాటి బాకీ ఉంటుంది. గేటుకి సంచి తగిలించి పోవడం కూడా ఏం తక్కువ పొగరు కాదు. ఆ పొగరు ఎవరి నుంచి వచ్చిందో మీకు తెలుసు.

"అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" అన్న వాక్యం మీ నాలుక చివర సిద్ధంగా ఉంటుందని నాకు తెలుసు. నేను మీ సంఘం మనిషిని కాను గానీ, పదో తరగతి దాకా మిషన్ హాస్టల్లో ఉన్నాను, సాయంత్రం ప్రార్థనల్లో విన్న వాక్యాలు కొన్ని ఇంకా మనసులో ఉన్నాయి. ఆ మాట రాసిన పౌలే అదే కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, ఏడో అధ్యాయంలో, విశ్వాసం లేని భర్త కాపురం చెయ్యడానికి ఇష్టపడితే భార్య అతన్ని విడిచిపెట్టకూడదని రాశాడు. ఒకటి పెళ్లికి ముందు చెప్పాల్సిన మాట, రెండోది పెళ్లయ్యాక చెప్పాల్సిన మాట. పెళ్లయి ఏడేళ్లయ్యాక మీరు ఇంకా మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

జనవరి 6 గురించి దిగులుపడ్డారు కదా, ఆ రోజు వచ్చిన జ్ఞానులు యూదులు కారు. మీ లెక్కలో వాళ్లూ అన్యులే. నక్షత్రాల్ని చూసి అర్థాలు చెప్పుకునేవాళ్లు. మీ స్టార్ వాళ్ల పుణ్యమే. వాళ్లు ఇంటిలోపలికి వచ్చి బిడ్డనీ తల్లినీ చూశారని మత్తయి రెండో అధ్యాయంలో ఉంది. తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం గేటుకి తగిలించి వెళ్లిపోయారని నేనైతే చదవలేదు.

ఇంట్లో సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ మా చిన్నక్కతో తొమ్మిదేళ్లు మాట్లాడలేదు. మతమూ కాదు, పెళ్లీ కాదు, అరెకరం పొలం. మధ్యలో ఎవరు చెప్పినా "నాకూ ఆత్మగౌరవం ఉంది" అనేది అమ్మ. తొమ్మిదేళ్ల తర్వాత మాటలు కలిశాయి. కలిశాక తెలిసింది, ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదని. అక్క పిల్లల చదువులేంటో అమ్మకి తెలియదు, అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి అక్కకి తెలియదు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వంకాయల ధర గురించి మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. అప్పటి నుంచి, అయినవాళ్ల దగ్గర ఆత్మగౌరవం అనే మాట ఎవరు వాడినా నాకు అనుమానమే. అది బయటివాళ్ల దగ్గర వాడుకోవాల్సిన వస్తువు. మీకు ఇంకా తొమ్మిదేళ్లు కాలేదు.

ఆ కార్డుల లెక్క కూడా నాకు తేలలేదు. మీరు, అబ్బాయి, కోడలు, మనవడు. నలుగురు. ఐదు తీసుకున్నానన్నారు. సంజాయిషీ నాకు అక్కర్లేదు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని. అమ్మాయికి ఫోన్ చెయ్యండి. "క్షమించాను" అనే మాట పొరపాటున కూడా రానివ్వకండి, క్షమాపణా అడక్కండి. ఏడేళ్ల లెక్కలు ఫోన్లో తేలవు. "కేకు బాగుంది" అనండి. కేకు తినలేదంటే ఇప్పుడైనా తినండి, ప్లమ్ కేకైతే అంత త్వరగా పాడవదు. ఆ తర్వాత, స్టార్ దించడానికి మనిషి దొరకడం లేదు, ఆదివారం మీ ఆయన్ని తీసుకుని రా అనండి. అతన్ని పేరు పెట్టి అనండి. పేరు తెలియదని నాకు చెప్పకండి, ఏడేళ్లలో ఆ పేరు మీ చెవిన పడని రోజు ఉండదు. అవతల కాసేపు మాట వినిపించకపోతే ఫోన్ పెట్టెయ్యకండి. ఏడుస్తుంటే ఏడవనివ్వండి.

వచ్చినప్పుడు మీటింగు పెట్టకండి. సువార్త చెప్పకండి. భోజనానికి ముందు రోజూ చేసుకునే ప్రార్థన ఎంత ఉంటుందో అంతే చెయ్యండి, అల్లుడు వినాలని పొడిగించకండి. కోడి కూర వండండి, లేదా అతను ఏం తింటాడో ముందే అమ్మాయిని అడగండి. డబ్బాల్లో అరిసెలు మిగిలాయని రాశారు కదా, వెళ్లేటప్పుడు కట్టి ఇవ్వండి. వాళ్ల అత్తగారు సంక్రాంతికి ఇప్పుడు నూనె మూకుడు పెడుతూ ఉంటుంది, ఆవిడకీ కాస్త పని తగ్గుతుంది. సంఘంలో ఎవరైనా చూసి ఏమైనా అంటే, స్టార్ దించడానికి మీరు రాలేదు కాబట్టి మా అల్లుణ్ణి పిలిపించుకున్నానని చెప్పండి. 'మా అల్లుడు' అనే మాట మొదటిసారి నోటికి కొంచెం అడ్డం పడుతుంది.

ఇంకొకటి. నిచ్చెన ఎక్కినప్పుడు కింద ఎవరో ఒకరు పట్టుకోవాలి, వరండా గచ్చు నున్నగా ఉంటే జారుతుంది. అమ్మాయిని వంటింట్లో ఉండనిచ్చి మీరే వెళ్లి పట్టుకోండి.