స్టీరింగ్ ముచ్చట్లు: పిల్లర్ చాటు బండి

ప్రశ్న: మాస్టారూ, మేము కొత్త కారు తీసుకుని నాలుగు నెలలైంది. పోయిన వారం మా సందులోంచి మెయిన్ రోడ్డెక్కుతుంటే కుడివైపు నుంచి వచ్చిన బైకు మా బంపర్‌కు జానెడు దూరంలో ఆగింది. మా ఆయన అటూ ఇటూ చూశాకే కదిలారు, పక్కనున్న నేనే సాక్షి. ‘వీడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడు’ అని ఆయన, ‘చూసి నడపొచ్చు కదా’ అని నేను. ఇంట్లో రోజూ ఇదే గొడవ. పాత చిన్న కారు 12 ఏళ్లు నడిపారు, ఒక్కసారీ ఇలా కాలేదు. కళ్ల డాక్టరుకు చూపించాలంటారా?
- ఒక టీచరమ్మ, ఖమ్మం

జవాబు: చూపించండమ్మా, తప్పేం లేదు. కానీ మీ ఆయన అబద్ధమాడటం లేదు. చూశారు, కనపడలేదు. కారు ముందు అద్దానికీ డ్రైవర్ తలుపుకీ మధ్య ఏటవాలుగా ఒక కమ్మీ ఉంటుంది. మెకానిక్కులు పిల్లర్ అంటారు. బైకు దాని చాటున ఉంది.

పాత చిన్న కార్లలో ఈ పిల్లర్ సన్నగా ఉండేది. కారు పల్టీ కొడితే పైకప్పు నలిగిపోకూడదని ఇప్పుడు లావుగా చేస్తున్నారు. అది మన మంచికే, కాదనను. కానీ మన స్టీరింగ్ కుడివైపు కదా, కుడి పిల్లర్ డ్రైవర్ మొహానికి దగ్గరగా ఉంటుంది. దగ్గరున్న వస్తువు ఎక్కువ చాటు చేస్తుంది. ఎడమ పక్కది దూరం కాబట్టి అంత ఇబ్బంది పెట్టదు. పైగా మనం ఎడమ పక్కన నడిపే దేశం వాళ్లం. సందులోంచి బయటికి రాగానే ముందు మీదికొచ్చేది కుడివైపు బండే. ప్రమాదం వచ్చే పక్కనే పిల్లర్ కూడా లావుగా కూర్చుంది.

నమ్మకం కుదరకపోతే ఈ ఆదివారం ఇంటి ముందు కారు ఆపి, ఇంజన్ కట్టేసి, ఆయన్ని సీట్లో కూర్చోబెట్టండి. తల కదపొద్దని చెప్పండి. మీరు కుడి ముందు మూలకేసి ఓ 20 అడుగులు నడిచి, ఆయన ‘ఆ, పోయావ్’ అనేదాకా అటూ ఇటూ జరగండి. నా దగ్గర నేర్చుకోవడానికొచ్చే కుర్రాళ్లకు మొదటి రోజు ఇదే చేయిస్తాను. ఒకసారి ఎర్ర చొక్కా వేసుకున్న ఆరడుగుల మనిషిని నిలబెట్టాను. సీట్లో ఉన్న కుర్రాడు ‘సార్, వాడు టీకి పోయాడా?’ అనడిగాడు.

నిలబడ్డ మనిషి సంగతి సరే, బైకు కదులుతోంది కదా, ఎప్పుడో ఒకప్పుడు బయటపడాలి కదా అంటారు. అక్కడే ఉంది కిటుకు. మీ కారూ ఆ బైకూ ఒకే సమయానికి ఒకే చోటికి చేరేట్టు ఒకే తీరు వేగంతో వస్తుంటే, డ్రైవర్ కంటికి ఆ బైకు ఉన్నచోటే ఉన్నట్టుంటుంది. పిల్లర్ చాటున మొదలైతే చివరిదాకా చాటుననే వస్తుంది. ముందో వెనకో దాటిపోయే బండి కనపడుతుంది, సరిగ్గా మనకు తగిలేదే దాక్కుంటుంది! ఓడలు నడిపేవాళ్లకు ఇది పాత పాఠం. ఎదుటి ఓడ దిక్కు మారకుండా దగ్గరవుతోందంటే ఢీ తప్పదని వాళ్ల లెక్క.

నేను బస్సు నడిపే రోజుల్లో, 1994లో, తెల్లవారుజామున ఒక కూడలిలో కుడికి తిప్పుతున్నాను. బస్సు పిల్లర్, దాని పక్కనే పెద్ద అద్దం, రెండూ కలిసి గోడలా ఉంటాయి. వెనక నుంచి కండక్టర్ ‘హోల్డాన్, హోల్డాన్’ అని అరిచాడు. బ్రేకు తొక్కి దిగి చూస్తే ముందు చక్రం దగ్గర సైకిలు, పక్కన పాలక్యాన్లు, రోడ్డంతా పాలు. ఆ మనిషికి దెబ్బ తగల్లేదు, నా అదృష్టం. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పాల డబ్బులు 150 రూపాయలు నేనే ఇచ్చాను. బస్సు తిరిగే తీరూ ఆ సైకిలు నడిచే తీరూ కలిసిపోయి, మలుపంతా నా పిల్లర్ చాటునే వచ్చాడని తర్వాత అర్థమైంది.

ఆ రోజు నుంచి నాది కోడి పద్ధతి. కోడి నడుస్తూ తల ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది చూడండి, అలా. కూడలిలో ఒంటిని జానెడు ముందుకు వంచి ఒకసారి, వెనక్కి జరిగి ఒకసారి చూస్తాను. కళ్లు మాత్రమే తిప్పితే లాభం లేదు, తల చోటు మారాలి. మీ ఆయన్ని కూడా సందు చివర పూర్తిగా ఆగి, ఇలా కుడి, ఎడమ, మళ్లీ కుడి చూడమనండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఫోను స్టాండో దేవుడి పటమో అద్దానికి కుడి మూలన అంటించి ఉంటే తీసేయండి, అది పిల్లర్‌ను ఇంకాస్త లావు చేస్తుంది.

మీకూ ఒక మాట, ఏమీ అనుకోకండి. పక్క సీట్లో ఉన్నవాళ్లు సాయం చేద్దామని ముందుకు వంగి రోడ్డు చూస్తారు. అప్పుడు ఎడమవైపు ఆయనకు కనపడేది మీ తల ఒక్కటే. వెనక్కి ఆనుకుని కూర్చోండి.

ప్రశ్న: లారీని ఎడమ పక్క నుంచి దాటితే డ్రైవర్‌కు కనపడమంటారు. అంత పెద్ద అద్దం ఉంది కదండీ? నా బైకుకైతే అద్దాలు తీసేశాను, లుక్ బాగుంటుందని.
- ఒక డిగ్రీ విద్యార్థి, తణుకు

జవాబు: డ్రైవర్ కుడి పక్కన, ఎత్తులో కూర్చుంటాడు బాబూ. క్యాబిన్ ఎడమ తలుపు కిందికి వస్తే నువ్వు అద్దంలోనూ ఉండవు, కిటికీలోనూ ఉండవు. లారీ అద్దంలో డ్రైవర్ మొహం నీకు కనపడకపోతే నువ్వూ అతనికి కనపడవని లెక్క. ఎడమకు తిరగాల్సిన లారీ ముందు కాస్త కుడికి జరుగుతుంది, ఎడమ పక్క ఖాళీ ఏర్పడుతుంది. దారి ఇచ్చాడనుకుని మీ వయసువాళ్లు అందులో దూరుతారు. ముందు చక్రాలు వెళ్లిన దారిన వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ ఆ ఖాళీలోంచే వస్తాయి. క్లీనర్ కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నాడంటే నిన్ను ఆగమనే.

ఇక లుక్ సంగతి. ముందు ఆ రెండద్దాలు బిగించుకుని మళ్లీ ఉత్తరం రాయి, మిగతావి అప్పుడు చెప్తాను.