భూమి అమ్మి పీజీ సీటు కొనాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బిడ్డ నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్ చేస్తోంది. గైనిక్ చదవాలని ఆశ. నీట్ పీజీలో ర్యాంకు సరిగా రాకుంటే రెండెకరాలు అమ్మి మేనేజ్‌మెంట్ సీటు తీసుకుందామని మా బామ్మర్ది అంటున్నడు. కేంద్రం సీట్లు పెంచుతోంది, రెండేళ్లు ఆగమని ఒకరు, అమెరికా పంపమని ఇంకొకరు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు భూమి సంగతి. అమ్మకండి. మేనేజ్‌మెంట్ కోటాలో గైనిక్ లాంటి సీటుకు ఫీజు ఏడాదికి 20 లక్షల పైమాటే. అదే సర్కారు సీటైతే ఎదురు డబ్బిస్తారు. 2025లో పెంచాక మన రాష్ట్రంలో పీజీ స్టైపెండ్ మొదటి ఏడాది నెలకు 67,032, మూడో ఏడాది 74,782 రూపాయలు. మూడేళ్లకు లెక్కేస్తే పాతిక లక్షలు దాటుతుంది. ఇదేమీ దానం కాదులెండి. పెద్దాసుపత్రిలో రాత్రిపూట కాన్పుల వార్డు నడిచేదే ఈ పిల్లల చేతుల మీద.

సీట్లు పెరుగుతాయన్నది నిజమే. 2025 సెప్టెంబర్ 24న కేంద్ర కేబినెట్ సర్కారు ఆసుపత్రుల్లో కొత్తగా 5,000 పీజీ సీట్లకు ఒప్పుకుంది, సీటుకు కోటిన్నర దాకా ఖర్చు పెడతామంది. కానీ అవి దేశం మొత్తానికి, అదీ 2028-29 దాకా విడతలుగా. పైసలొస్తే మంచాలు, మెషీన్లు కొనొచ్చు. గైడ్‌గా నిలబడే ప్రొఫెసర్‌ను కొనలేం కదా, ఆయన లేనిదే సీటు రాదు. పాలమూరులో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, ఆ తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, నారాయణపేటల్లో కాలేజీలైతే వరసగా వచ్చాయి. వాటికి తగ్గ అధ్యాపకులు ఇంకా రావాలి. అందుకే ఆ సీట్ల కోసం కాచుకుని కూర్చోవద్దు, ఈసారే గట్టిగా రాయించండి.

సర్కారు కాలేజీల పీజీ సీట్లలో సగం ఆలిండియా కోటాకు పోతాయి. కాబట్టి రెండు చోట్లా రిజిస్టర్ కావాలి: ఆలిండియా సీట్లకు ఢిల్లీలోని కేంద్ర కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ), రాష్ట్ర సీట్లకు వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. చాలామంది మెడికల్ కాలేజీల్లో చదివే పీజీ డిగ్రీ ఎంఎస్ ఒక్కటే చూస్తారు, జాతీయ పరీక్షల బోర్డు (ఎన్‌బీఈ) ఇచ్చే డీఎన్‌బీని చిన్నచూపు చూస్తారు. అదెందుకో నాకు అర్థం కాదు. గైనిక్‌లో డీఎన్‌బీ కూడా మూడేళ్లే, విలువా అంతే. ర్యాంకు ఇంకా కిందికి పోతే 2020 నుంచి ఎన్‌బీఈ నడిపే రెండేళ్ల డిప్లొమా ఉంది, అందులో గైనిక్ కూడా ఉంది. డిప్లొమాతో నేరుగా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేదు. కానీ కాన్పుల డాక్టరు అవుతుంది, తర్వాత డిప్లొమా చేసినవాళ్లకు పెట్టే పీడీసెట్ పరీక్ష రాసి డీఎన్‌బీ పూర్తి చేసుకోవచ్చు.

అదీ కాకుంటే పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్‌గా చేరి, అర్హత వచ్చాక సర్కారు కొలువులో ఉన్న డాక్టర్లకిచ్చే ఇన్‌సర్వీస్ కోటాలో రాయడం ఒక దారి. కొన్నేళ్ల ఓపిక కావాలి, అంతే.

అమెరికాలోనూ రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీ శిక్షణకు, డబ్బు ఎక్కువగా ప్రభుత్వమే ఇస్తుంది, ముసలివాళ్ల ఆరోగ్య బీమా పథకం మెడికేర్ నుంచి. 1997లో ఆ సీట్లకు పరిమితి పెట్టారు, ఆ తర్వాత కొద్దిగానే పెంచారు. అక్కడి పౌరులు కాని విదేశీ డాక్టర్లలో సీటు దొరికేది సగానికి కాస్త ఎక్కువ మందికే, అదీ ఎక్కువగా జనరల్ మెడిసిన్ లాంటి బ్రాంచుల్లో. గైనిక్ మీద మనసున్న పిల్లకు అది సరైన దారి కాదని నా అభిప్రాయం.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక పని చేయించండి. అనుకున్న ఆసుపత్రిలో రెండో ఏడాది గైనిక్ పీజీతో బిడ్డను మాట్లాడమనండి. రాత్రి సిజేరియన్ ఎవరు చేస్తారు? పీజీ చేతికి కత్తి ఎన్నో నెలలో ఇస్తారు? మత్తు డాక్టరు రాత్రి ఉంటారా, కేసులు హైదరాబాద్ పంపిస్తారా? స్టైపెండ్ నెలనెలా పడుతోందా? చదువయ్యాక సర్కారులో పనిచేస్తామని రాసిచ్చే సర్వీస్ బాండ్ షరతులు మాత్రం ఎవరినీ అడగొద్దు. అవి మారుతుంటాయి, ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లోనే చదువుకోవాలి, సంతకం పెట్టకముందే.