సాయంత్రమైతే రెప్ప వాలిపోతోంది.. ఇది పక్షవాతమా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పని చేస్తాను. మూడు నెలలుగా మధ్యాహ్నం దాటితే ఎడమ కంటి రెప్ప వాలిపోతోంది. చేతిలో ఒక్క పప్పు ఉంటే రెండు కనిపిస్తున్నాయి. పొద్దున్న లేచేసరికి మామూలే. మయస్థీనియా గ్రావిస్ అని మాత్రలు రాశారు. ఇది పక్షవాతమా? పిల్లలకూ వస్తుందా?
- ఒక సోదరి, పలాస

జవాబు: పక్షవాతం కాదమ్మా. 'పొద్దున్న లేచేసరికి మామూలే' అన్నారు చూడండి, ఈ జబ్బుకు అదే పెద్ద ఆనవాలు. వాడేకొద్దీ కండరం అలసిపోతుంది, కాసేపు విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. ఇలా రెప్ప వాలినవాళ్లు వస్తే నేను గ్లౌజులో ఐసుముక్కలు వేసి రెండు నిమిషాలు కంటి మీద పెడతాను. చాలామందికి రెప్ప పైకి లేస్తుంది. పక్కనున్న అత్తగారికి అప్పుడు గానీ నమ్మకం కుదరదు!

నరం చివర విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం కండరం మీద ఆ సంకేతాన్ని అందుకునే రిసెప్టర్లను తాకితేనే కండరం కదులుతుంది. ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి ఆ రిసెప్టర్లను దెబ్బతీస్తుంది. అంటువ్యాధి కాదు. సాధారణంగా పిల్లలకు వంశపారంపర్యంగానూ రాదు. మళ్లీ గర్భం వస్తే మాత్రం డాక్టరుకు ముందే చెప్పండి. పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు నీరసం ఉండొచ్చు, తర్వాత తగ్గిపోతుంది.

మీకు రాసింది పిరిడోస్టిగ్మిన్ అయితే దాని ప్రభావం నాలుగైదు గంటలే. నమలడం కష్టమైతే భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. కడుపులో మెలిపెట్టినా, విరేచనాలైనా మీ అంతట మీరు మానేయకండి, మోతాదు మారుస్తారు. అది లక్షణాలనే తగ్గిస్తుంది. జబ్బును అదుపు చేయడానికి రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గించే స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ లాంటివి కావాలి. చాలాకాలం వాడాల్సి రావచ్చు. ఛాతీకి సీటీ స్కాన్ తీయకపోతే తీయించుకోండి. 10 నుంచి 15 శాతం మందిలో ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి కణితి ఉంటుంది, దానికి ఆపరేషన్ అవసరం. విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది.

నాకు ఎక్కువ టెన్షన్ మీ జబ్బు గురించి కాదు, జ్వరం వస్తే ఊళ్లో వేసే ఇంజక్షన్ గురించి. జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, మలేరియాకిచ్చే క్లోరోక్విన్, బీపీకి వాడే కొన్ని మందులు కూడా ఈ నీరసాన్ని ఒక్కసారిగా పెంచేయగలవు. జబ్బు పేరు చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి, మందు రాసే ప్రతివాళ్లకీ చూపించండి.

మింగుతుంటే పొలమారినా, మాట ముక్కుతో వచ్చినా, పడుకుంటే ఊపిరి అందకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.