‘గుంపుగా రావద్దు’ అన్నారు రిజిస్ట్రార్ గారు, ఇప్పుడేం చేయాలి?

సందేహం: మేం ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాం. కొందరం కాంట్రాక్టు అధ్యాపకులం, మిగతావాళ్లం ల్యాబుల్లో, ఆఫీసులో, హాస్టళ్లలో ఏజెన్సీ ద్వారా చేరిన ఔట్‌సోర్సింగ్ సిబ్బంది. జీతాలు రెండేసి నెలలు ఆలస్యంగా వస్తున్నాయి. ఏజెన్సీ పీఎఫ్ కోస్తోంది గానీ పాస్‌బుక్‌లో పడటం లేదు. ఒక సెక్షన్‌లో పై అధికారి ఆడవాళ్లతో ప్రవర్తించే తీరు బాగోలేదు. ఇవన్నీ రాసి, 38 మందిమి సంతకాలు పెట్టి వీసీ గారి పేషీకి వెళ్లాం. రిజిస్ట్రార్ గారు బయటికొచ్చి, ‘ఇలా గుంపుగా రావడం క్రమశిక్షణ తప్పడమే, సంతకాలు పెట్టినవాళ్ల రెన్యువల్ సంగతి మార్చిలో చూద్దాం’ అన్నారు. కాగితం తీసుకోలేదు. అందరం కలిసి అర్జీ ఇవ్వడం తప్పా? రెన్యువల్ ఆపగలరా? అడ్మిన్ బ్లాక్ ముందు ధర్నా చేయొచ్చా?
– ఓ పాఠకుడు

సలహా: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ‘కాగితం తీసుకోలేదు’ అన్న మాట. బెదిరింపు గురించి వివరంగా రాశారు గానీ దీన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. కోర్టు లెక్కలో ఆ రోజు మీరు పేషీకి వెళ్లనట్టే. ఒక అధికారిని ఫలానా పని చేయమని హైకోర్టు ఆదేశించాలంటే, ముందు మీరు ఆయన్ని అడిగి ఉండాలి. ఆయన కాదని ఉండాలి, లేదా ఉలుకూపలుకూ లేకుండా కూర్చుని ఉండాలి. అలా ఆదేశించమని కోరే మాండమస్ రిట్ వేసేటప్పుడు మొదట చూసేది ఇదే. మీరు అడిగారనడానికి ఇప్పటికి మీ దగ్గర ఆధారం లేదు.

కాబట్టి మళ్లీ పేషీకి వెళ్లకండి, వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వర్డ్ సెక్షన్‌కి వెళ్లండి. వీసీ గదికి వెళ్లడమే పెద్ద పని అనుకుంటాం గానీ, యూనివర్సిటీలో కాగితానికి ప్రాణం పోసేది ఇన్‌వర్డ్ రిజిస్టర్ దగ్గర కూర్చున్న గుమస్తా. రిజిస్ట్రార్ గారి పేర రాసిన అర్జీ ఒకటి ఆయన చేతిలో పెట్టి, రెండో ప్రతి మీద గుండ్రటి ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ముద్ర సగం పడితే మొహమాటపడకుండా మళ్లీ వేయమనండి. తేదీ కనపడని ముద్రలతో నా దగ్గరికొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ‘పై నుంచి చెప్పారు, తీసుకోను’ అంటే గొడవపడొద్దు. అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, రసీదు, డెలివరీ అయినట్టు వచ్చిన వివరం దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి దాని కోసం వెతకొద్దు. ‘త్రూ ప్రాపర్ ఛానెల్’, అంటే పై అధికారి ద్వారానే రావాలి, అంటారేమోనన్న అనుమానం ఉంటే, మీ విభాగాధిపతి (హెచ్ఓడీ) ద్వారా ఒకటి పంపి, ‘అడ్వాన్స్ కాపీ’ అని పైన రాసి రెండోది నేరుగా ఇవ్వండి.

ఇక కలిసి అడగడం తప్పా అన్న ప్రశ్న. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం 19(1)(సి)లోనే ఉంది. ఉద్యోగంలో చేరినంత మాత్రాన ప్రాథమిక హక్కులు పోవని సుప్రీంకోర్టు 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పింది. బిహార్ ప్రభుత్వ ఉద్యోగులు ఏ రకమైన ప్రదర్శనా చేయకూడదన్న నిబంధనను ఆ తీర్పులో కొట్టేశారు. కాకపోతే చాలా సంస్థల సర్వీసు నిబంధనల్లో ఒకే కాగితం మీద నలుగురు సంతకాలు పెట్టే ఉమ్మడి అర్జీ అంటే గిట్టదు. మీ యూనివర్సిటీ నిబంధనల్లో ఏముందో ముందు చూసుకోండి. చూసేదాకా ఆగక్కర్లేదు కూడా, దీనికి పాత చిట్కా ఒకటుంది. అదే విషయం మీద 38 మందీ 38 విడి అర్జీలు ఇవ్వండి, ఎవరి సంతకం వాళ్లది. మీకు సంఘం ఉంటే, వాటితో పాటు దాని లెటర్‌హెడ్ మీద అధ్యక్షుడి సంతకంతో ఒకటి. గుంపుగా రావద్దన్నది రిజిస్ట్రార్ గారే కదా, ఎవరికి వారుగా వెళ్లినట్టవుతుంది. ఇన్‌వర్డ్ గుమస్తా 38 నంబర్లు వేస్తూ విసుక్కుంటాడు, ఆ మాత్రం ఓర్చుకోండి.

అర్జీలో ఏం రాస్తారన్నది ఇంకా ముఖ్యం. ‘మా కష్టాలు దయతో అర్థం చేసుకుని మా కుటుంబాల్లో వెలుగు నింపగలరని ప్రార్థన’ అని రాస్తే చదివినవాళ్లు జాలిపడి ఫైల్లో పెట్టేస్తారు. జవాబు చెప్పాల్సిన అవసరం అందులో లేదు. అదే ‘నేను ఫలానా ఏజెన్సీ ద్వారా ఫలానా తేదీ నుంచి పనిచేస్తున్నాను. జూన్ నుంచి ఇప్పటిదాకా నా జీతంలో నెలనెలా పీఎఫ్ కోశారు, పేస్లిప్పులు జతపరిచాను. నా పాస్‌బుక్‌లో ఒక్క నెలా జమ కాలేదు, దాని ప్రింటూ జతపరిచాను. ప్రధాన యజమానిగా విశ్వవిద్యాలయం ఈ మొత్తం 30 రోజుల్లో జమ చేయించాలని కోరుతున్నాను’ అని రాయండి. ఇందులో వాస్తవం ఉంది, కాగితం ఉంది, కోరిక ఉంది, గడువు ఉంది. దీనికి అవునో కాదో చెప్పి తీరాలి.

మీరు చేసిన పెద్ద పొరపాటు మూడు సమస్యల్నీ ఒకే కాగితంలో కుక్కడం. ముఖ్యంగా ఆ మూడోది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల ఫిర్యాదును జీతాల అర్జీలో కలిపి 38 చేతులు తిప్పకూడదు. 2013 చట్టంలోని 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసిన మహిళ పేరు, వివరాలు బయటపెట్టడమే తప్పు. మేలు చేయబోయి మీరే ఇబ్బందిలో పడతారు. ఆ సోదరీమణులు అంతర్గత ఫిర్యాదుల కమిటీకి విడిగా, స్వయంగా రాసివ్వాలి. ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది, ఏజెన్సీ మనిషివి నీకు సంబంధం లేదు అంటే నమ్మొద్దు. గడువు మాత్రం తక్కువ. ఘటన జరిగిన, వరుసగా జరుగుతుంటే చివరిది జరిగిన, మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. విచారణ నడుస్తుండగా తనను గానీ అతణ్ని గానీ వేరే చోటికి మార్చమని, లేదా మూడు నెలల దాకా సెలవు ఇప్పించమని రాసి అడగొచ్చు. మీలో మగవాళ్లు చేయగలిగిన సాయం, అడిగితే సాక్ష్యం చెప్పడం.

పీఎఫ్ విషయంలో మీ వైపు బలం ఎక్కువ. ఏ నెల కోత ఆ తర్వాతి నెల 15లోపు జమ కావాలి. జీతంలో కోసుకుని జమ చేయకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు దాకా వెళ్తుంది. ఏజెన్సీ ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే యూనివర్సిటీ, చేతులు దులుపుకోలేదు. జీతాల విషయంలోనూ అంతే. పాత 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉన్న ఈ బాధ్యత 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. నెల జీతం తర్వాతి నెల ఏడో తేదీ దాటకుండా ఇవ్వాలి. యూనివర్సిటీకి అర్జీ ఇచ్చిన రోజే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ గ్రీవెన్స్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక్కడ అధ్యాపకులకూ మిగతావాళ్లకూ దారులు చీలతాయి. టీచరు ‘వర్క్‌మన్’ (పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే కార్మికుడు) కాదని సుప్రీంకోర్టు 1988లో సుందరంబాళ్ కేసులో తేల్చింది. అందుకే లేబర్ అధికారుల దగ్గరికి అధ్యాపకులు వెళ్లినా లాభం ఉండదు, వాళ్లది హైకోర్టు దారి. కాకపోతే వాళ్లకు మరో ఆధారం ఉంది. గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు నెలకు 30 వేలతో ఏళ్ల తరబడి పనిచేస్తే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లకు ఆ పోస్టు స్కేలులో కనీస వేతనం ఇవ్వమంది. అంతకుముందు 2016లో జగ్జీత్ సింగ్ తీర్పులోనూ సమాన పనికి సమాన వేతనం అన్నదే సారాంశం. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకు ఈ వాదన అంత సులువుగా నిలబడదు, వాళ్లకు ఆశపెట్టి నేను అబద్ధం చెప్పను.

రెన్యువల్ ఆపగలరా? గడువు తీరిన కాంట్రాక్టును పొడిగించి తీరాలన్న హక్కు మీకు లేదు. కానీ పొడిగించకపోవడానికి అర్జీ మీద సంతకమే కారణమైతే అది వేరే కథ. ప్రభుత్వ విశ్వవిద్యాలయం, అందరినీ సమానంగా చూడాలన్న రాజ్యాంగం 14వ అధికరణకు లోబడి నడుచుకోవాలి. సంతకం పెట్టినవాళ్లను మాత్రం ఏరి పక్కన పెట్టి, పెట్టనివాళ్లను కొనసాగిస్తే ఆ జాబితాయే మీకు సాక్ష్యం. పని ఉండగానే ఒక తాత్కాలిక ఉద్యోగిని తీసేసి ఇంకో తాత్కాలిక ఉద్యోగిని పెట్టుకోకూడదని 1992లో పియారా సింగ్ కేసులో, మళ్లీ 2022లో గెస్ట్ లెక్చరర్ల విషయమై మనీశ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెగ్యులర్ నియామకం జరిగితే మాత్రం తప్పుకోవాల్సిందే.

ఆ బెదిరింపు మాటను కాగితం మీదికి తెచ్చుకోవాలి. రిజిస్ట్రార్ గారికి మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: ‘ఫలానా రోజు ఉదయం 11 గంటలకు తమరిని కలిసినప్పుడు, సంతకాలు చేసినవారి రెన్యువల్ విషయం మార్చిలో చూస్తామన్నారు. మేం పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే తెలియజేయగలరు.’ జవాబు రాకపోయినా ఫర్వాలేదు. ఇన్‌వర్డ్ ముద్రతో ఆ ఉత్తరం ఉంటే చాలు. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆయన గురించి ఒక్క ముక్క రాయొద్దు. రాత్రి రాసింది పొద్దున్న కాఫీ పూర్తయ్యేలోపు స్క్రీన్‌షాట్‌గా పేషీలో ఉంటుంది. క్రమశిక్షణ చర్యకు వాళ్లు వెతుకుతున్నది అలాంటిదే.

ధర్నా జోలికి ఇప్పుడే వెళ్లకండి. ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే అంది, యూనివర్సిటీ లాయరు మొదట తీసేది ఆ తీర్పే. భోజన విరామంలో నల్లబ్యాడ్జీలు పెట్టుకుని నిలబడితే తప్పుపట్టడం కష్టం. తరగతులు ఎగ్గొట్టి, గేటుకు అడ్డంగా కూర్చుంటే మాత్రం మీ జీతాల సమస్య పక్కకు పోయి మీ ప్రవర్తన సమస్య ముందుకొస్తుంది.

ఇంకో విషయం, ఇది నా అనుభవంలోంచి చెబుతున్నా. వేరే సంస్థ నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్ వచ్చారు, చేతిలో దారంతో కట్టిన ఫైలు. తొమ్మిదేళ్లలో ఇచ్చిన 11 వినతిపత్రాలు, అన్నీ ముద్రలతో, తేదీలవారీగా. ఇంత పద్ధతిగా ఉంచుకున్నారే అని ముచ్చటేసింది. కోర్టులో జడ్జి గారు మొదటి కాగితం తిప్పి, ‘మరి అప్పటినుంచీ ఏం చేస్తున్నారు?’ అన్నారు. అర్జీ మీద అర్జీ ఇచ్చుకుంటూ పోతే గడువు పెరగదని సుప్రీంకోర్టు 2008లో సి. జాకబ్ కేసులో చెప్పింది. నెలనెలా తక్కువ పడుతున్న జీతం లాంటి వాటిలో కేసు ఆలస్యంగా వేసినా విచారిస్తారు గానీ, బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లవే ఇస్తారు. ఆయనకు ఆరేళ్ల బకాయి అలాగే పోయింది.

అందుకని ఒక అర్జీ, ఒక గుర్తు చేసే ఉత్తరం, అంతే. అర్జీకి 30 రోజులు దాటినా పలుకు లేకపోతే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ‘నా ఇన్‌వర్డ్ నంబరు ఫలానా, దాని మీద ఏ రోజు ఎవరు ఏం రాశారో నోట్ ఫైలు నకలు ఇవ్వండి’ అని అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి, లేదంటే మొదటి అప్పీలు. ఫైలు ఎక్కడ ఆగిందో, ఎవరు ఏమని రాసి ఆపారో ఆ నకల్లో కనిపిస్తుంది.

మీ రెన్యువల్ సంగతి మార్చిలో అంటున్నారు. అర్జీకి ఒక నెల, సమాచార హక్కుకు ఇంకో నెల తీసేసి చూసుకోండి. ఫిబ్రవరి మొదటి వారానికల్లా ముద్ర పడిన ప్రతి, నియామక ఉత్తర్వు, ఇప్పటిదాకా వచ్చిన రెన్యువల్ ఉత్తర్వులు, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని దగ్గర్లోని లాయరును కలవండి. ఏప్రిల్‌లో ఉద్యోగం పోయాక రావడం కంటే మార్చిలో ఉద్యోగంలో ఉండగా వస్తే, ఉన్నది ఉన్నట్టు కొనసాగించమని మధ్యంతర ఉత్తర్వు అడగడానికి మాకు చోటుంటుంది.