స్ప్రింట్ మధ్యలో కొత్త పని వచ్చిపడితే

రెండు వారాల స్ప్రింట్‌లో, అంటే ఒక లక్ష్యం పెట్టుకుని పనిచేసే నిర్ణీత గడువులో, మూడో రోజుకే క్లయింట్ కొత్త పనులు తెస్తున్నాడని, కాదంటే "మీది అజైలే కదా, మార్పులకు తగ్గట్టు సర్దుకునే పద్ధతేగా" అంటున్నాడని రాశారు. ఆ మాటకు జవాబు, స్ప్రింట్లతో పనిచేసే స్క్రమ్ పద్ధతి నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్‌లోనే ఉందండి. 2020 ప్రతి ప్రకారం స్ప్రింట్ లక్ష్యాన్ని దెబ్బతీసే మార్పులు చేయకూడదు. స్కోప్‌ను (చేయాల్సిన పని పరిధిని) మాత్రం ప్రొడక్ట్ ఓనర్‌తో, అంటే ఏ పని ముందో నిర్ణయించే వ్యక్తితో, మాట్లాడుకుని సర్దుకోవచ్చు. అంటే కాపాడుకోవాల్సింది లక్ష్యాన్ని, టికెట్ల (విడివిడిగా రాసుకున్న పనుల) జాబితాను కాదు.

మీ అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తోంది. "ఈ 14 టికెట్లు పూర్తిచేయాలి" అన్నదే లక్ష్యమైతే ఏ చిన్న మార్పు వచ్చినా అది దెబ్బతిన్నట్టే. దాని బదులు "రీఫండ్ ఎక్కడిదాకా వచ్చిందో కస్టమర్ తానే చూసుకోగలగాలి" అని రాసి చూడండి. అప్పుడు కొత్తగా అడిగిన ఎస్సెమ్మెస్ అలర్ట్ ఈ లక్ష్యానికి పనికొస్తుందా లేదా అన్నది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. పనికొస్తే తీసుకోండి, కానీ దాదాపు అంతే బరువున్న, ఇంకా మొదలుపెట్టని పని ఒకటి బయటికి పోవాలి. ఏది పోవాలో ప్రొడక్ట్ ఓనర్‌తోనే చెప్పించండి. మేం మొహమాటపడి ఆ ఒక్క ప్రశ్న అడగక ఆర్నెల్లు రాత్రిళ్లు కూర్చున్నాం.

లక్ష్యానికే కాలం చెల్లిపోతే స్ప్రింట్‌ను రద్దు చేయొచ్చు, అయితే ఆ అధికారం ప్రొడక్ట్ ఓనర్‌ది మాత్రమే.

ప్రతిసారీ ఇదే తంతు అయితే వారం స్ప్రింట్‌కు మారండి. క్లయింట్ ఎదురుచూడాల్సింది నాలుగైదు రోజులే కాబట్టి గొడవ తగ్గుతుంది. వచ్చేవన్నీ సపోర్ట్ పనులే అయితే కాన్బాన్ పద్ధతి నయం. అంటే స్ప్రింట్ల బదులు ఒకేసారి చేతిలో ఎన్ని పనులుండాలో పరిమితి పెట్టుకుని, ఒకటి ముగిశాకే ఇంకొకటి అందుకోండి.